వ్యాను నడపడం నేర్చుకుందాం – 3వ పాఠం: మలుపు, రివర్స్

గత పాఠంలో సీటు, అద్దాలు సరిచేసుకోవడం, మొదటి గేరులో మెల్లగా కదిలి నిలకడగా ఆగడం సాధన చేశాం. ఈ పాఠంలోనూ మారుతి ఈకో వ్యానునే ఉదాహరణగా తీసుకుంటున్నాను. బడి పిల్లల దగ్గర్నుంచి పాల క్యాన్ల దాకా మన ఊళ్లలో మోసే బండి అదే కాబట్టి, చాలామందికి సాధనకు దొరికేదీ అదే.

కారు నడిపిన అనుభవం ఉన్నవారే ఈ పాఠాన్ని రెండుసార్లు చదవాలని నా మనవి. కారులో మన ముందు పొడవాటి బానెట్ ఉంటుంది, చక్రాలు మనకంటే ముందు మలుపు తిరుగుతాయి. ఈకోలో, అంతకు ముందున్న ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. ముందు చక్రాలు దాదాపు మన కాళ్ల కిందే తిరుగుతాయి. అందువల్ల కారులో మూల దగ్గరపడగానే స్టీరింగ్ తిప్పడానికి అలవాటుపడ్డ చేయి ఇక్కడ తొందరపడుతుంది, ముందు భాగం సాఫీగా వెళ్లిపోయినా, 2,350 మిల్లీమీటర్ల వెనకనున్న చక్రం మూలను కోసుకుంటూ లోపలికి వస్తుంది.

నేను వ్యాను పట్టిన మొదటి నెలలో జరిగింది చెబుతాను. ఎడమవైపు సందులోకి తిప్పుతూ, ముందు భాగం దాటింది కదా అని అద్దం చూడకుండా పోనిచ్చాను. వెనక చక్రం ఒక ఇంటి అరుగు అంచు ఎక్కి దిగింది. అరుగు మీద చీర పరచి వడియాలు పెట్టారు, అందులో ఒక వరుస చక్రం కింద నలిగిపోయింది. కాసేపటి క్రితం దాకా తమ అత్తగారు అక్కడే కూర్చుని కాకుల్ని తోలుతున్నారని ఆ ఇంటి కోడలు చెప్పినప్పుడు నా చేతుల వణుకు చాలాసేపు ఆగలేదు.

అందుకే మొదటి సాధన సందులో కాదు, ఖాళీ మైదానంలో చేయండి. ముగ్గుపిండితో నేలమీద ఒక మూల గీసి, మూల బిందువు దగ్గర రెండు ఖాళీ అట్టపెట్టెలు నిలబెట్టండి. ఎడమ అంచుకు సుమారు ఒక మీటరు ఎడంగా, మొదటి గేరులో, మనిషి నడిచే వేగంతో రండి. మీ భుజం ఆ మూలను దాటి ఇంకో రెండడుగులు ముందుకు పోయాకే స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టి, తిప్పుతున్నంతసేపూ ఎడమ అద్దంలో వెనక చక్రాన్ని చూస్తూ ఉండండి. మలుపు పూర్తయ్యాక బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, దిగి దుమ్ములో పడ్డ జాడలు చూడండి. ముందు టైరు జాడ బయటగా, వెనక టైరు జాడ లోపలగా కనిపిస్తాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే రెండింటి మధ్య ఎడం రెండడుగులకు మించే ఉంటుంది. ఆ ఎడాన్ని కాలితో కొలవండి. ఒకసారి కొలిచినవారికి ఆ దూరం కంటిలో నిలిచిపోతుంది, నా మాటలకంటే ఆ జాడే బాగా నేర్పుతుంది.

కుడి మలుపుకూ సూత్రం ఇదే. డ్రైవరు కుడివైపే కూర్చుంటాడు కాబట్టి ఆ అంచు కళ్లముందే ఉంటుంది. ఎడమ కుదిరితే కుడి దానంతటదే కుదురుతుంది.

రివర్స్ విషయంలో మాత్రం నేను ఏ మినహాయింపూ ఒప్పుకోను. బండి ఎక్కేముందు చుట్టూ ఒకసారి నడిచి రావాలి. వెనక తలుపుకు ఆనుకుని కూర్చున్న చిన్నపిల్ల ఏ అద్దంలోనూ కనిపించదు. వెనక సామాను నింపితే లోపలి అద్దం ఎలాగూ పనికిరాదు. సాయానికి ఒక మనిషిని పెట్టుకుంటే, అతను బండి వెనక నడుమ కాకుండా, మీ కుడి అద్దంలో నిండుగా కనిపించేలా పక్కకు నిలబడాలి. “రానీ, రానీ” అన్నంతసేపూ రండి, “హోల్డాన్” అన్న క్షణమే ఆగండి, అద్దంలో అతను కనిపించకుండా పోతే, మాట వినిపిస్తున్నా సరే, బ్రేకు తొక్కండి. మరొక సంగతి చాలామంది మరచిపోతారు: వెనక్కి వస్తూ స్టీరింగ్ తిప్పినప్పుడు బండి ముక్కు ఎదురుదిక్కుకు ఊగుతుంది. కళ్లన్నీ వెనకే ఉంటే ముందు మూల పక్కనున్న స్కూటరును తాకుతుంది.

మైదానంలో పది మలుపులు అట్టపెట్టెలు కదలకుండా వచ్చాకే రోడ్డెక్కండి. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారు ముందూ వెనకా తెల్లపలక మీద ఎర్ర ‘ఎల్’ అక్షరం పెట్టుకుని, లైసెన్సున్న మనిషిని పక్క సీటులో కూర్చోబెట్టుకోవాలి. మొదటి రోజుల్లో గంటకు 40 కిలోమీటర్లు దాటవద్దు. ఆ వేగంలోనే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది, కాబట్టి ముందు బండికీ మీకూ మధ్య కనీసం మూడు సెకన్ల దూరం, అంటే 33 మీటర్లు ఉండాలి. మన మోకాళ్ల ముందు కారుకున్నంత పొడవాటి బానెట్ లేదన్నది గుర్తుంచుకుంటే ఆ దూరం ఎక్కువనిపించదు.

ఈ వారం సాధన: ఎడమ మలుపులు పది, కుడి మలుపులు ఐదు, రెండు పెట్టెల మధ్య రివర్స్ ఐదుసార్లు, అన్నీ ఖాళీ బండితోనే. వచ్చే పాఠంలో వెనక బస్తాలు వేసుకుని ఇవే మలుపులు తిరుగుదాం.