స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చాక మొదటి మూడు నెలలు ఏం చెయ్యాలి

మన విజయవాడ, గుంటూరు వైపు ఎవరికన్నా హార్ట్ ఎటాక్ వస్తే సూర్యారావుపేటలోనో కొత్తపేటలోనో ఏదో ఒక ఆస్పత్రిలో స్టెంట్ (మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేస్తారు, నాలుగైదు రోజుల్లో డిశ్చార్జ్, ఇంటికి రాగానే ఇంటిల్లిపాదీ కలిసి ఆ మనిషిని మంచానికి అంటగట్టేస్తారు. కాలు కింద పెట్టనివ్వరు, టీవీ రిమోట్ కూడా ఎవరో ఒకరు తెచ్చి చేతిలో పెట్టాలి. నేను ఫిజియోథెరపీ చేసేదాన్ని కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా, ఇది ప్రేమే గానీ మేలు మాత్రం కాదు. స్టెంట్‌తో సగం పనే అయింది, మిగతా సగం కార్డియాక్ రీహాబ్. పేరు చూసి పెద్ద మెషిన్లున్న జిమ్ అనుకోకండి. డాక్టర్‌కి చెప్పి మెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం, మందులు, తిండి, సిగరెట్ మానడం, మనసులో భయం తగ్గించుకోవడం, ఇవన్నీ కలిపితే అదే. సెంటర్‌లో అయితే మామూలుగా వారానికి మూడు సెషన్ల చొప్పున 12 వారాలు ఉంటుంది. ఇది చేసినవాళ్ళకి మళ్ళీ ఆస్పత్రిలో చేరడం, గుండెజబ్బుతో చనిపోవడం తగ్గుతాయని ట్రయల్స్‌లో ఎప్పుడో తేలింది, అయినా డిశ్చార్జ్ రోజు దీని గురించి అడిగేవాళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ.

కాబట్టి ముందు మీరే అడగండి. ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, ఈఎఫ్ ఎంత ఉంది (గుండె కొట్టుకున్న ప్రతిసారీ అందులోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతుందో చెప్పే నంబర్, 55 పైన ఉంటే నార్మల్, 40 కన్నా తక్కువైతే పంపింగ్ బాగా తగ్గినట్టు), ఇంకా ఏమన్నా బ్లాకులు మిగిలాయా, నడక ఎప్పుడు మొదలుపెట్టొచ్చు, ఎంత వరకు. ఈ మూడింటికీ జవాబు డిశ్చార్జ్ సమ్మరీ మీదే రాయించుకోండి, నోటిమాటగా చెప్తే ఇంటికెళ్ళాక ఒక్కొక్కరికి ఒక్కోలా గుర్తుంటుంది. ఈఎఫ్ తక్కువున్నవాళ్ళు, బైపాస్ అయినవాళ్ళు కింద రాసింది చదివి సొంతంగా మొదలుపెట్టొద్దు, వాళ్ళ లెక్క వేరు.

మేం మొదట చేసే టెస్ట్ చాలా సింపుల్. 30 మీటర్ల వరండా, రెండు చివర్లా రెండు ప్లాస్టిక్ కోన్లు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిస్తే అంత. మొన్నామధ్య తాడేపల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చారు, కూతురు మోచెయ్యి పట్టుకుని ఆయనతోపాటే నడుస్తోంది, రెండో రౌండ్‌లో ఆయన మెల్లగా "వదలవే తల్లీ, పడిపోను" అన్నారు, ఆ అమ్మాయి వదల్లేదు, చివరికి నేను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాల్సి వచ్చింది, ఆయన్ని కాదు, ఆ అమ్మాయిని. తర్వాత ఆయన నడక చూడాలి, చేతులూపుకుంటూ వెళ్ళారు. ఇంట్లోవాళ్ళ భయమే పేషెంట్‌కి పట్టుకుంటుంది అనడానికి ఇంకేం కావాలి.

ఇంట్లో నడక ఇలా మొదలుపెట్టండి. డాక్టర్ సరే అన్నాక మొదటి వారం ఇంట్లోనే, లేదా డాబా మీద, ఒకేసారి అయిదు నిమిషాలు, అలా రోజుకి రెండు మూడు సార్లు. బాగుందనిపిస్తే రోజుకో నిమిషం, రెండు నిమిషాలు పెంచుకుంటూ పోతే నాలుగు నుంచి ఆరు వారాలకి అరగంట దగ్గరికి వస్తారు, ఆ తర్వాత వారానికి అయిదు రోజులు అరగంట చాలు. నడక అరగంటకి చేరాక అందులో మొదటి అయిదు పది నిమిషాలు మెల్లగా, చివరి అయిదు పది నిమిషాలు కూడా మెల్లగా, ఠక్కున ఆగి కూర్చోవద్దు, బీపీ బిళ్ళలు వేసుకుంటారు కాబట్టి కళ్ళు తిరుగుతాయి. అన్నం తిన్న వెంటనే నడవొద్దు, గంటన్నరన్నా గ్యాప్ ఇవ్వండి.

ఎంత స్పీడ్‌గా నడవాలి అంటే, పక్కనున్నవాళ్ళతో మాట్లాడగలగాలి, కానీ పాట పాడమంటే పాడలేకపోవాలి, అంతే. కొడుకులు అమెరికా నుంచి స్మార్ట్ వాచ్ పంపిస్తారు, 220లోంచి వయసు తీసేస్తే వచ్చిన నంబర్ చూసుకుని నడవమంటారు. మెటోప్రొలాల్ లాంటి బిళ్ళ వేసుకునేవాళ్ళకి గుండె వేగం ఆ బిళ్ళే తగ్గించి ఉంచుతుంది, ఆ నంబర్ అందుకోవాలని పరిగెత్తితే అసలుకే మోసం. వాచ్ టైం చూసుకోడానికి వాడండి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో లాగడం, మాట్లాడలేనంత ఆయాసం, చల్లటి చెమటలు, కళ్ళు తిరగడం, వీటిలో ఏదొచ్చినా అక్కడే ఆగిపోవాలి, "ఇంకో రౌండ్ అయ్యాక చూద్దాం" అనకూడదు.

ఇంక మన ఊరి ఎండ. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ సంగతి తెలిసిందే కదా, పొద్దున ఏడు దాటితే బయట నడక వద్దు. అయిదున్నరకి ఇందిరాగాంధీ స్టేడియం, గుంటూరులో అయితే ఎన్టీఆర్ స్టేడియం, కుదరకపోతే ఇంట్లో ఫ్యాన్ కింద హాల్లోనే అటూ ఇటూ, అదీ నడకే. కొండమీద అమ్మవారికి మొక్కుకున్నారు అనుకోండి, మొదటి మూడు నెలలు మెట్లు ఎక్కకుండా ఘాట్ రోడ్డు మీదుగా వెళ్ళి దణ్ణం పెట్టుకోండి, మంగళగిరి పానకాల స్వామి మెట్లు కూడా అంతే. మొక్కు ఎక్కడికీ పోదు.

బరువులు ఎత్తడం గురించి త్వరగా చెప్పేస్తా. గ్యాస్ బండ, 20 లీటర్ల వాటర్ టిన్ను ముట్టుకోవద్దు, బైపాస్ అయినవాళ్ళయితే ఛాతీ ఎముక అతుక్కోడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అప్పటిదాకా బండి కూడా నడపొద్దు. బాత్రూంలో ముక్కడం కూడా బరువు ఎత్తినట్టే, మలబద్ధకం ఉంటే సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పండి.

ఇదంతా మగవాళ్ళ కథ. అదే అమ్మకి వస్తే రివర్స్. నాన్నని మంచం దిగనివ్వని ఇంట్లోనే అమ్మ నాలుగో రోజుకి పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది, చూడ్డానికొచ్చిన చుట్టాలకి కాఫీలు పెడుతూ. రీహాబ్‌కి రమ్మంటే "ఇంటి పని చేస్తూనే ఉన్నాగా, అదే వ్యాయామం" అంటారు. కాదండీ. గంటలకొద్దీ వేడిలో నిలబడటం, వంగి లేవటం, మధ్యలో మందు టైం తప్పటం వ్యాయామం కాదు. ఆవిడకి రోజూ పొద్దున అరగంట తనకంటూ ఉండాలి, ఆ అరగంట టిఫిన్ ఎవరన్నా చూసుకోవాలి.

తిండి దగ్గరే అందరూ నాతో గొడవ పడతారు. గుంటూరు మనిషిని కారం మానమనను, కారం కన్నా ఉప్పూ నూనే ఎక్కువ చేటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది, అంటే రోజంతటికీ ఒక టీస్పూన్. ఆవకాయ, గోంగూర, వడియాలు, అప్పడాలు, పెరుగన్నంలో ఊరమిరపకాయ, ఇవి మొదలైతే ఆ స్పూన్ మధ్యాహ్నానికే దాటిపోతుంది. జాడీని టేబుల్ మీద నుంచి తీసి అటక మీద పెట్టేయండి, ఆదివారం పప్పులోకి ఒక్క బద్ద పక్కన పెట్టుకుని నంజుకోండి, ముద్దముద్దకీ కలపొద్దు. పెసరట్టు, ఉప్పు లేని మజ్జిగ, కూరగాయలు, కూరలో వేసిన చేప హాయిగా తినొచ్చు. సాయంత్రం బండి మీద పునుగులు, మిర్చి బజ్జీలు మాత్రం మర్చిపోండి, ఆ మూకుడులో నూనె ఎన్నిసార్లు మరిగిందో ఎవరికి తెలుసు. "లో సోడియం ఉప్పు" కొనేముందు అడగండి, అందులో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ బిళ్ళలు వాడేవాళ్ళకీ కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకీ అది ప్రమాదం. పొగాకు బోర్డు హెడ్డాఫీసు గుంటూరులో ఉంటే ఉండనివ్వండి, మన ఇంట్లో మాత్రం సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కా ఏదీ వద్దు, "రోజుకి ఒకటే" కూడా వద్దు.

మందుల్లో అస్సలు ఆపకూడనివి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, దాంతోపాటు ఇచ్చే క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలర్. ఈ రెండూ కలిపి మామూలుగా ఏడాది దాకా వాడమంటారు, సొంతంగా ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టొచ్చు. పన్ను పీకించుకోడానికి వెళ్తే డెంటిస్ట్ ఆపమన్నా సరే ముందు కార్డియాలజిస్ట్‌కి ఫోన్ చెయ్యండి. మోకాళ్ళ నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకోవద్దు, గుండెకి మంచిది కాదు. కొలెస్ట్రాల్ నార్మల్‌కి వచ్చిందని స్టాటిన్ ఆపేస్తుంటారు, వచ్చింది ఆ బిళ్ళ వల్లే కదా.

యోగా సంగతి కూడా అడుగుతారు. మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో దాదాపు 4 వేల మంది హార్ట్ ఎటాక్ పేషెంట్లతో యోగా-కేర్ అని ట్రయల్ చేశారు, ఫలితాలు 2020లో జర్నల్‌లో అచ్చయ్యాయి. యోగా చేసినవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని చెప్పారు, పాత పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్ళగలిగారు, కానీ మళ్ళీ ఎటాక్‌లు, మరణాలు తగ్గాయని మాత్రం గట్టిగా తేలలేదు. అందుకని చెయ్యండి, మంచిదే, బిళ్ళలకి బదులు అని ఎవరన్నా అంటే నమ్మొద్దు.

ఇంక ఎవరూ పైకి అనని విషయం. హార్ట్ ఎటాక్ అయ్యాక దాదాపు అయిదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మన ఇళ్ళలో అది ఏడుపులా కనపడదు, చిరాకులా కనపడుతుంది, అన్నం పళ్ళెం నెట్టేయడం, రాత్రి రెండింటికి లేచి నాడి పట్టుకుని కూర్చోవడం. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే డాక్టర్‌కి చెప్పండి, దానికీ మందుంది, కౌన్సెలింగ్ ఉంది. భార్యాభర్తల కలయిక గురించి నన్ను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి అడుగుతారు, జవాబు ఏంటంటే, నొప్పీ ఆయాసం లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే చాలామందికి ఇబ్బంది ఉండదు, ఒకసారి డాక్టర్‌ని అడిగి ధైర్యంగా ఉండండి. కానీ సార్బిట్రేట్ (ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే బిళ్ళ) వాడేవాళ్ళు వయాగ్రా లాంటివి ముట్టుకోకూడదు, బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుంది.

ఆ సార్బిట్రేట్ ఎలా వాడాలో ఇంట్లో అందరికీ తెలియాలి. నొప్పి రాగానే కూర్చోబెట్టి, డాక్టర్ రాసిచ్చిన బిళ్ళ నాలుక కింద పెట్టండి, నిలబడి పెట్టుకుంటే కళ్ళు తిరిగి పడతారు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్. గ్యాస్ అనుకుని ఈనో కలుపుకుని చూడటం, బండి వెనక కూర్చోబెట్టుకుని బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో తీసుకెళ్ళడం రెండూ వద్దు. మూడు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరిగినా, కాళ్ళు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి. సార్బిట్రేట్ స్ట్రిప్ ఒకటి పేషెంట్ జేబులో, ఒకటి మంచం దగ్గర ఉంచి, వాటి ఎక్స్‌పైరీ డేట్ ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉండండి.