ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు కూర్పు: మార్చిలో ఎవరిని కొనాలి, ఏ స్థానాలను ఏప్రిల్ డ్రాఫ్ట్‌కు మిగల్చాలి

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు, అంటే ఫ్రీ ఏజెంట్లు, మార్చి మధ్యలో అందుబాటులోకి వస్తారు. కళాశాలల నుంచి వచ్చే కొత్తవారిని ఏడు రౌండ్లలో ఎంచుకునే డ్రాఫ్ట్ ఏప్రిల్ చివర్లో జరుగుతుంది. జట్టును కూర్చేవారు ముందుగా ఈ వరుసను వాడుకోవడం నేర్చుకోవాలి. మరీ బోసిగా ఉన్న స్థానాలను మార్చిలోనే ఓ మోస్తరు ఆటగాళ్లతో నింపుకుంటే, డ్రాఫ్ట్ రోజున అవసరం కొద్దీ కాక, మిగిలినవారిలో మేటి ఎవరో చూసి ఎంచుకోవచ్చు.

ఏ స్థానాన్ని ఎక్కడ నింపాలో ధరను బట్టి తేల్చుకోవాలి. మంచి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపేవాడు), ఎడ్జ్ రషర్ (పక్కనుంచి దూసుకెళ్లి ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను పట్టేవాడు), లెఫ్ట్ ట్యాకిల్ (తమ క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమవైపు కాపు కాసేవాడు), కార్నర్‌బ్యాక్ (బంతి అందుకునే ప్రత్యర్థులను అడ్డుకునేవాడు) ఫ్రీ ఏజెంట్లుగా దొరకడమే అరుదు, దొరికినా ధర చుక్కలనంటుతుంది. కనుక వీరిని వీలైనంతవరకు డ్రాఫ్ట్‌లోనే వెతకాలి. 2011 నుంచి కొత్త ఆటగాడి జీతం అతడు ఎన్నో ఎంపికగా వచ్చాడన్నదాన్ని బట్టి దాదాపు ఖరారైపోతుంది, నాలుగేళ్ల ఆ ఒప్పందాన్ని మూడు సీజన్లు ముగిసేదాకా తిరగరాసే వీలుండదు. సియాటిల్ సీహాక్స్ 2012లో మూడో రౌండ్‌లో తీసుకున్న రసెల్ విల్సన్ అంత చవకగా క్వార్టర్‌బ్యాక్ బాధ్యత మోయబట్టే, మరుసటి మార్చిలో డిఫెన్స్ ఆటగాళ్లు క్లిఫ్ ఏవ్రిల్, మైకేల్ బెన్నెట్‌లను తెచ్చుకోవడానికి సొమ్ము మిగిలింది. ఆ సీజన్‌లోనే జట్టు లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది.

2024లో ఫిలడెల్ఫియా ఈగల్స్ చేసిన పని దీనికి ఇంకా చక్కని నమూనా. రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకొని పరుగెత్తేవాడు) సేక్వాన్ బార్క్‌లీని, ఒక్క ఏడాది ఒప్పందంపై లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ మధ్య వరుస ఆటగాడు) జాక్ బాన్‌ను మార్చిలో తీసుకున్నారు. కార్నర్‌బ్యాక్ క్వినియన్ మిచెల్‌ను, కూపర్ డిజీన్‌ను డ్రాఫ్ట్ తొలి రెండు రౌండ్లలో ఎంచుకున్నారు. బార్క్‌లీ ఆ సీజన్‌లో బంతితో 2,005 గజాలు పరుగెత్తాడు, జట్టు సూపర్ బౌల్ గెలిచింది. ఇదే జట్టు 2011లో పేరున్న ఫ్రీ ఏజెంట్లను వరుసగా కొని, ‘డ్రీమ్ టీమ్’ అనిపించుకొని, చివరికి 8 గెలుపులు, 8 ఓటములతో సరిపెట్టుకుంది; సంతకాల రోజు సందడిని నేను అంతగా నమ్మకపోవడానికి కారణం అదే.

డబ్బు లెక్కలో ఒక చిక్కుంది. 2024లో ఒక్కో జట్టు శాలరీ క్యాప్, అంటే ఆటగాళ్ల జీతాలకు ఏడాదికి లీగ్ పెట్టిన పరిమితి, 25.54 కోట్ల డాలర్లు. ఒప్పందంపై సంతకం చేసినందుకు ఇచ్చే బోనస్‌ను ఆ లెక్కలో గరిష్ఠంగా ఐదేళ్లకు పంచుకోవచ్చు గనుక ఖరీదైన ఒప్పందం కూడా మొదటి ఏడాది తేలికగానే కనిపిస్తుంది, కానీ ఆటగాణ్ణి మధ్యలో వదులుకుంటే మిగిలిన బోనస్ భాగమంతా క్యాప్ మీద పడుతుంది. కనుక ముప్పై ఏళ్లు దాటినవారికి పొడవైన ఒప్పందాలు ఇవ్వకపోవడమే మేలు.

కొనే ముందు మరో లెక్క చూసుకోవాలి. తీసుకున్నవారికన్నా పోగొట్టుకున్న ఫ్రీ ఏజెంట్లు ఎక్కువైన జట్లకు లీగ్ డ్రాఫ్ట్ మూడు నుంచి ఏడో రౌండ్ల చివర పరిహారంగా అదనపు ఎంపికలు ఇస్తుంది. పాత జట్టు తానే వదిలేసిన ఆటగాడిని తీసుకుంటే అది ఈ లెక్కలోకి రాదు. డ్రాఫ్ట్ ముగిసిన మరుసటి సోమవారం దాటాక చేసే సంతకాలూ రావు. కాబట్టి బెంచ్ కోసం కావలసిన అనుభవజ్ఞులను మే నెలదాకా ఆగి తీసుకోవాలి. అప్పటికి వారి ధర కూడా దిగుతుంది.