పని మీద జోహన్నెస్‌బర్గ్ వెళ్తున్నారా? బయల్దేరే ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ ప్రాజెక్టు పని మీద జోహన్నెస్‌బర్గ్ వెళ్లే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడి బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, టెలికం కంపెనీలు మన ఐటీ కంపెనీలకు క్లయింట్లు. ఆన్‌సైట్ అనగానే ముందు సంతోషం, ఆ తర్వాత బంధువుల గ్రూపులో ఎవరో ఒకరు కారు దోపిడీ వీడియో పెడతారు, దాంతో ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. వెళ్లాలా మానాలా అన్నది మీ ఇష్టం. వెళ్లడం ఖాయమైతే మాత్రం ఇది చివరిదాకా చదివి వెళ్లండి.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2022లో మన దేశం మొత్తంలో నమోదైన హత్య కేసులు 28,522. దాదాపు అదే కాలంలో, 2022 ఏప్రిల్ నుంచి 2023 మార్చి వరకు, దక్షిణాఫ్రికాలో 27 వేలకు పైగా హత్యలు జరిగాయి. మన జనాభా 140 కోట్లు, వాళ్లది ఆరు కోట్ల పైచిలుకు. అయితే ఆ చావుల్లో చాలా భాగం పేద బస్తీల్లో, గొడవల్లో, ముఠా తగాదాల్లో జరిగేవి. పని మీద వెళ్లి శాండ్‌టన్, రోజ్‌బ్యాంక్ లాంటి ఆఫీసుల పేటల్లో ఉండే మనలాంటివాళ్లకు ఎదురయ్యేది దోపిడీ: ఫోన్, ల్యాప్‌టాప్, నగదు, కారు. కాకపోతే మన ఊళ్లో జేబుదొంగ చేతిలో బ్లేడు ఉంటే అక్కడ తుపాకీ ఉండొచ్చు. మనం పెట్టుకోవాల్సిన లెక్క అంతా ఈ ఒక్క తేడా మీదే ఉంది.

ఇంకో విషయం గమనించండి. ఆఫీసు లోపల ఏం కాదు, గేటు దగ్గర సెక్యూరిటీ, కార్డు లేనిదే తలుపు తెరుచుకోదు. హోటల్లో ఏం కాదు. పెద్ద మాల్‌లో కూడా దాదాపు ఏం కాదు. జరిగేదంతా వాటి మధ్యలో: ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి వచ్చే దారిలో, సిగ్నల్ దగ్గర కారు ఆగిన నిమిషంలో, గేటు తెరుచుకునే దాకా బయట వెయిట్ చేసే ముప్పై సెకన్లలో, ఏటీఎం నుంచి కారు దాకా నడిచే నాలుగు అడుగుల్లో. కాబట్టి ట్రిప్ మొత్తం బిక్కుబిక్కుమంటూ ఉండక్కర్లేదు. ఈ మధ్య సమయాలను వీలైనంత తగ్గించుకుని, తగ్గనివాటిలో పూర్తిగా ఒళ్లు దగ్గర పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

అది ఇక్కడే, మన ఆఫీసులోనే మొదలవ్వాలి. ట్రావెల్ డెస్క్ వాళ్లు చవగ్గా దొరికిందని అర్ధరాత్రి దిగే టికెట్ బుక్ చేస్తే ఒప్పుకోకండి, పగలు దిగేది అడగండి. డైరెక్ట్‌గా వెళ్లరు, దుబాయ్ మీదుగానో అడిస్ అబాబా మీదుగానో వెళ్తారు కాబట్టి సమయం ఎంచుకునే వీలు ఉంటుంది. ఎల్లో ఫీవర్ ఉన్న దేశంలో పన్నెండు గంటలకు మించి ఆగి వెళ్తే టీకా సర్టిఫికెట్ అడుగుతారు, ఇథియోపియా, కెన్యా ఆ లెక్కలోకి వస్తాయి, అదీ చూసుకోండి. హోటల్ క్లయింట్ ఆఫీసుకు ఎంత దగ్గరైతే అంత మంచిది. పది కిలోమీటర్ల దూరంలో సగం ధరకు గెస్ట్‌హౌస్ దొరికినా రోజుకు రెండుసార్లు రోడ్డు మీద ఉండాల్సి వస్తుంది, ఆ మిగిలిన డబ్బు మీకు రాదు, రిస్క్ మాత్రం మీదే. ఎయిర్‌పోర్ట్‌కి ఎవరు వస్తారు, డ్రైవర్ పేరు, కారు నంబరు ముందే తెప్పించుకోండి. మేనేజర్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట: మొదటిసారి వెళ్లే పిల్లాడినో అమ్మాయినో ఒంటరిగా పంపకండి, కనీసం మొదటి రెండు మూడు రోజులు అక్కడ అలవాటున్నవాళ్లను తోడివ్వండి. ఇది ఖర్చు కాదు, మీ బాధ్యత.

ఫోన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఫోన్ పోతే పోయేది ఫోన్ ఒక్కటే కాదు. తుపాకీ చూపించి అన్‌లాక్ చేయించి, బ్యాంకు యాప్ తెరిపించి డబ్బు పంపించుకునే దోపిడీలు అక్కడ ఉన్నాయి. వెళ్లేముందు పెద్ద మొత్తాలున్న ఖాతాల యాప్‌లు, షేర్ల యాప్‌లు ఆ ఫోన్‌లోంచి తీసేయండి. మీ డెబిట్, క్రెడిట్ కార్డుల ఇంటర్నేషనల్ లిమిట్ బ్యాంకు యాప్‌లోనే తగ్గించుకోవచ్చు, అవసరమైన కార్డుకు మాత్రమే ఆన్ చేసి మిగతావి ఆఫ్‌లో ఉంచండి. ఇంకో ముఖ్యమైన పని, మీ ఇండియా సిమ్‌ను రోజూ పట్టుకు తిరిగే ఫోన్‌లో పెట్టకండి. ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్‌లో వేసి, మెసేజ్‌లు వచ్చేలా రోమింగ్ ఆన్ చేసి, హోటల్ లాకర్‌లో పెట్టండి. బయట తిరిగే ఫోన్‌లో అక్కడి లోకల్ సిమ్ చాలు. అలా కాకుండా రెండు సిమ్‌లూ ఒకే ఫోన్‌లో ఉండి అది పోయిందనుకోండి, బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించాలన్నా, మెయిల్ తెరవాలన్నా ఓటీపీ రాదు, పరాయి దేశంలో చేతులు కట్టేసినట్టు అవుతుంది. పాస్‌పోర్ట్, వీసా పేజీల ఫోటోలు మీ మెయిల్‌లో ఒకటి, ఇంట్లోవాళ్ల దగ్గర ఒకటి ఉంచండి.

బంగారం. దీని గురించి మొహమాటం లేకుండా చెప్తాను. గొలుసు, ఉంగరాలు, బ్రేస్‌లెట్ ఇక్కడే వదిలేయండి. ఆడవాళ్లు మంగళసూత్రం తీయడానికి ఇష్టపడరు, ఇంట్లో పెద్దవాళ్లూ ఒప్పుకోకపోవచ్చు, అలాంటప్పుడు పసుపుతాడు వేసుకుని బట్టల లోపలికి ఉంచుకోండి. రోల్డ్ గోల్డ్ కదా పోతే పోయిందిలే అనుకోవద్దు, లాగేవాడు గీటురాయి తెచ్చుకోడు, వాడికి మెరిస్తే చాలు, దెబ్బ తగిలేది మీ మెడకు. భారతీయుల ఇళ్లలో, ఒంటిమీద బంగారం ఉంటుందని అక్కడి దొంగలకూ తెలుసు.

ఇక మీరు దిగే ఓఆర్ టాంబో, అంటే జోహన్నెస్‌బర్గ్ ఎయిర్‌పోర్ట్. అరైవల్స్ నుంచి బయటికి రాగానే సామాను పట్టుకుంటామని, టాక్సీ చూపిస్తామని కొందరు వస్తారు, మెడలో ఏదో కార్డు కూడా వేలాడుతుంటుంది. వద్దని చెప్పి ఆగకుండా నడవండి. అక్కడి కౌంటర్‌లో పెద్ద మొత్తం మార్చుకోవద్దు. ఎవరు ఎంత మార్చుకున్నారో లోపల ఒకడు చూసి బయటివాళ్లకు చెప్పడం, వాళ్లు కారులో వెంబడించి హోటల్ గేటు దగ్గరో ఇంటి ముందో దోచుకోవడం, ఇది ఆ ఎయిర్‌పోర్ట్ చుట్టూ ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. కాఫీ షాపులో కూడా కార్డు ట్యాప్ చేస్తే సరిపోయే ఊరది, నగదు కొద్దిగా ఉంటే చాలు. శాండ్‌టన్ వెళ్లేవాళ్లకు పగలైతే గౌట్రెయిన్ మంచి దారి. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సమయంలో మొదలైన రైలు అది, పావుగంటలో శాండ్‌టన్ చేరుస్తుంది, స్టేషన్లలో గార్డులు ఉంటారు. కానీ స్టేషన్ బయట అడుగుపెట్టాక మళ్లీ మామూలు ఊరే, కాబట్టి అక్కడి నుంచి హోటల్‌కి నడవకుండా హోటల్ వాళ్ల బండి పిలిపించుకోండి. రాత్రి పొద్దుపోయాక ఈ రైలు ఉండదు.

యాప్ క్యాబ్‌లు ఉబర్, బోల్ట్ రెండూ దొరుకుతాయి. మీటర్ టాక్సీ వాళ్లకూ ఈ యాప్ డ్రైవర్లకూ స్టేషన్ల దగ్గర, మాల్‌ల దగ్గర గొడవలు జరిగిన చరిత్ర ఉంది, అందుకే యాప్ చూపించిన పికప్ పాయింట్‌లోనే, లోపల నిలబడే ఎక్కండి, రోడ్డు మీద ఫోన్ పట్టుకుని మ్యాప్ చూస్తూ నిలబడకండి. నంబరు, డ్రైవర్ ముఖం సరిపోలితేనే ఎక్కాలి, ఉబర్‌లో పిన్ అడిగే సెట్టింగ్ ఆన్ చేసుకోండి. తెల్లటి మినీబస్ టాక్సీలు లక్షలమంది ఎక్కుతారు గానీ వాటి రూట్లు, చేతి సైగలు తెలియని కొత్తవాళ్లకు పనికిరావు.

కారులో కూర్చున్నాక బ్యాగ్ ఒళ్లోనో పక్క సీట్లోనో పెట్టుకుంటాం కదా, ఆ అలవాటు అక్కడ మానాలి. సిగ్నల్ దగ్గర ఆగగానే స్పార్క్ ప్లగ్ ముక్కతో అద్దం పగలగొట్టి బ్యాగ్ లాక్కుని పరుగెత్తడం అక్కడ చాలా మామూలు, రెండు మూడు సెకన్ల పని. బ్యాగ్ డిక్కీలో ఉండాలి, అదీ బయల్దేరే చోటే పెట్టాలి, దిగిన చోట జనం చూస్తుండగా డిక్కీలో పెట్టి వెళ్తే దొంగకు మీరే చూపించినట్టు. ఫోన్ తొడల మధ్యో డ్యాష్‌బోర్డు మీదో కనబడకూడదు. మీరే నడపాల్సి వస్తే, మనలాగే ఎడమవైపు నడిపే దేశమే గనుక నడపడం కష్టం కాదు, కానీ మొదటి ట్రిప్‌లో నేనైతే వద్దంటాను. తప్పదంటే ముందు బండి వెనక టైర్లు రోడ్డును తాకేచోటు కనబడేంత ఖాళీ వదిలి ఆగండి, పక్కకు తిప్పుకుని పోయే వీలుంటుంది. కారు లాక్ చేశాక చేత్తో హ్యాండిల్ లాగి చూడండి, రిమోట్ సిగ్నల్ పని చేయకుండా జామ్ చేసేవాళ్లు మాల్ పార్కింగుల్లో ఉంటారు. వెనకే ఎవరో వస్తున్నారనిపిస్తే హోటల్‌కి వెళ్లకండి, నేరుగా పోలీస్ స్టేషన్‌కో, జనం ఉన్న పెట్రోల్ బంకుకో పోనివ్వండి. నీలం లైటు వెలిగించి ఆపే నకిలీ పోలీసులూ ఉన్నారు. అనుమానంగా ఉంటే హజార్డ్ లైట్లు వేసి, నెమ్మదిగా నడుపుతూ, వెంట రమ్మని చేత్తో సైగ చేసి వెలుతురున్న చోటే ఆపండి.

భోంచేశాక అలా కాసేపు నడిచి వద్దాం అనిపిస్తుంది, రోజంతా కుర్చీలో కూర్చున్నాం కదా. రాత్రిపూట వద్దు, ఎంత దగ్గరైనా వద్దు. జూన్, జూలైలలో అక్కడ చలికాలం, సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది, ఆఫీసు వదిలేసరికే రాత్రి అన్నమాట. నడవాలంటే హోటల్ జిమ్‌లో నడవండి, లేదంటే శాండ్‌టన్ సిటీ మాల్ లోపల ఎంతసేపైనా తిరగొచ్చు.

ఏటీఎం అవసరమైతే బ్యాంకు లోపలిదో మాల్ లోపలిదో వాడండి. మిషన్ దగ్గర ఎవరు సాయం చేస్తామన్నా, ఎంత మర్యాదగా మాట్లాడినా, క్యాన్సిల్ నొక్కి కార్డు తీసుకుని వచ్చేయండి, మాటల్లో పెట్టి కార్డు మార్చేస్తారు.

వీకెండ్ హోటల్లోనే కూర్చోమని చెప్పను, అంత దూరం వెళ్లి ఏమీ చూడకుండా రావడం అన్యాయం. గాంధీజీని 1908లో బంధించిన ఓల్డ్ ఫోర్ట్ జైలు కాన్‌స్టిట్యూషన్ హిల్ మీద ఉంది, ఇప్పుడది మ్యూజియం, తప్పక చూడాల్సిన చోటు. అది హిల్‌బ్రో అనే పేటకి ఆనుకుని ఉంటుంది, హిల్‌బ్రో మాత్రం వెళ్లకూడని చోటు, కాబట్టి కారులో గేటు దాకా వెళ్లి, గేటు దగ్గరే మళ్లీ కారెక్కాలి. వర్ణవివక్ష రోజుల్ని చూపించే అపార్తీడ్ మ్యూజియం, సొవెటోలో మండేలా ఇల్లున్న విలకాజీ స్ట్రీట్ పగటిపూట గైడ్‌తో వెళ్లండి. మన తిండి మీద మనసు లాగితే ఫోర్డ్స్‌బర్గ్ ఉంది, అక్కడి భారతీయుల పాత బజారు, అదీ పగలే, స్థానిక సహోద్యోగి ఎవరైనా తోడుంటే ఇంకా మంచిది. వాళ్లను అడగడానికి సిగ్గుపడకండి. రోజూ ఇవన్నీ చూసుకుంటూ బతుకుతున్నది వాళ్లే, ఏ రోడ్డు ఏ వేళకు పనికిరాదో మనకంటే వాళ్లకు బాగా తెలుసు, అడిగితే చాలా ప్రేమగా చెప్తారు.

డేటింగ్ యాప్‌లో పరిచయమైనవాళ్లు రమ్మన్న చోటికి వెళ్లి కిడ్నాప్ అయినవాళ్లు ఉన్నారు, ఇంట్లోవాళ్లను బెదిరించి డబ్బు గుంజుతారు. ఒంటరితనం నిజమే, నాకు తెలుసు, అయినా ఆ ఊళ్లో ఆ పని చేయకండి.

ఇంత చేసినా జరగొచ్చు. తుపాకీ చూపిస్తే ఇచ్చేయండి, అన్నీ ఇచ్చేయండి. చేతులు కనబడేలా పెట్టండి, ముఖంలోకి తేరిపార చూడకండి, గట్టిగా అరవకండి, జేబులోకి చెయ్యి పెట్టాల్సి వస్తే పెడుతున్నానని ముందు చెప్పి నెమ్మదిగా పెట్టండి, కారులో ఉంటే సీట్ బెల్ట్ తీయడానికీ అంతే. గబుక్కున కదిలితే మీరు కూడా తుపాకీ తీస్తున్నారని వాడు భయపడతాడు, కాల్చేది అప్పుడే. కంపెనీ ల్యాప్‌టాప్ పోతే జీతంలో కోస్తారేమోనని వెంటపడేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందో లేదో ఇక్కడే మీ ఐటీ వాళ్లను అడిగి చూసుకుంటే ఆ దిగులే ఉండదు.

వాళ్లు వెళ్లిపోయాక ముందు వెలుతురున్న చోటికి చేరండి. పోలీసు నంబరు 10111, అంబులెన్స్ 10177, మొబైల్ నుంచి 112 కూడా పనిచేస్తుంది. ఇవి కాగితం మీద రాసి చొక్కా జేబులో వేరే పెట్టుకోండి, హోటల్ నంబరు, స్థానిక సహోద్యోగి నంబరు కూడా, ఎందుకంటే ఫోన్ అప్పటికి మీ దగ్గర ఉండదు. మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా, అక్కడ రాత్రి పది అంటే ఇక్కడ ఒంటిగంటన్నర, ఇంట్లోవాళ్లు నిద్రలో ఉంటారు, అందుకే మీరు రాత్రి హోటల్ చేరారా లేదా అని చూసే మనిషి ఒకరు ఆ ఊళ్లోనే ఉండాలి. పోలీస్ స్టేషన్‌లో కేసు నంబరు ఇప్పించుకోకుండా రాకండి, ఇన్సూరెన్స్‌కు అది లేకపోతే పని జరగదు. పాస్‌పోర్ట్ పోతే జోహన్నెస్‌బర్గ్‌లోనే భారత కాన్సులేట్ ఉంది, అక్కడికి ఆ కేసు నంబరు, మీ మెయిల్‌లో ఉన్న పాస్‌పోర్ట్ కాపీ ప్రింటు, ఫోటోలు పట్టుకెళ్లండి. తిరుగు ప్రయాణం దగ్గర పడితే కొత్త పాస్‌పోర్ట్ కోసం ఆగకుండా ఇండియా రావడానికి మాత్రమే పనికొచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అడగండి.