స్పానిష్ నేర్చుకుందాం – 9: ఒక్క 'వాజ్'కి నాలుగు మాటలు

పోయిన పాఠంలో ఎస్, ఎస్తా తేడా చూశాం. 'ఆయన డాక్టర్' అన్నట్టు తెలుగులో క్రియ లేకుండానే సరిపోయే చోట ఎస్. 'ఆయన ఇంట్లో ఉన్నారు' అన్నట్టు 'ఉండటం' వచ్చే చోట చాలావరకు ఎస్తా. ఇప్పుడు వాటి భూతకాలం. ఇంగ్లీషులో ఒక్క 'వాజ్'తో పని జరిగిపోతుంది. స్పానిష్‌లో ఎస్‌కి ఎరా, ఫ్వే. ఎస్తాకి ఎస్తాబా, ఎస్తువో.

నియమాలు తర్వాత చెబుతాను. ముందు 1986 జూన్ 29న మెక్సికో సిటీలో జరిగిన ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్‌కి వెళ్దాం. పైకి చదవండి:

ఎరా దొమింగో. ఎరాన్ లాస్ దోసె. ఎల్ ఎస్తాదియో ఎస్తాబా యేనో. మారడోనా ఎరా ఎల్ కపితాన్.

ఆదివారం. టైం పన్నెండు. స్టేడియం నిండుగా ఉంది. మారడోనా కెప్టెన్. (పన్నెండుని లాటిన్ అమెరికాలో దోసె అనే పలుకుతారు, టిఫిన్ గుర్తొస్తే నా పూచీ లేదు. స్పెయిన్‌లో చాలాచోట్ల దోథె.)

నాలుగు వాక్యాలయ్యాయి, ఇంకా ఎవరూ బంతిని తన్నలేదు. కథ నడవడానికి ముందు చుట్టూ ఏముందో చెప్పే మాటలే ఎరా, ఎస్తాబా. గతంలో టైం ఎంతయిందో చెప్పాలంటే ఎప్పుడూ ఎరా లేదా దాని బహువచనం ఎరాన్, అక్కడ ఫ్వే రాదు. ఇప్పుడు మ్యాచ్ అయిపోయింది, అర్జెంటీనా 3-2తో పశ్చిమ జర్మనీని ఓడించింది:

ఫ్వే ఊన్ గ్రాన్ పర్తీదో. లా ఫినాల్ ఫ్వే ఎన్ మెహికో.

గొప్ప మ్యాచ్. ఫైనల్ మెక్సికోలో జరిగింది. లెక్క మూసేసి మొత్తంగా మాట్లాడుతున్నాం కాబట్టి ఫ్వే. రెండో వాక్యం దగ్గరే చాలామంది తడబడతారు. 'ఎక్కడ' అన్నాం కదా, ఎస్తాబా రావాలి కదా అని. మనిషి, వస్తువు ఎక్కడున్నా ఎస్తార్ (ఎస్తా, ఎస్తాబా, ఎస్తువోల మూల క్రియ) కుటుంబమే. పెళ్లి, మీటింగ్, మ్యాచ్ లాంటివి 'ఉండవు', జరుగుతాయి. తెలుగులో 'జరిగింది' అని పెట్టి చూడండి, కుదిరితే ఫ్వే. 'పెళ్లి ఎక్కడ జరిగింది?' అంటే దోందె ఫ్వే లా బోదా?

మరి మారడోనా ఫ్వే ఎల్ కపితాన్ అంటే తప్పా? కాదు. ఆ రోజు దృశ్యాన్ని కళ్లకు కట్టిస్తుంటే ఎరా, ఇన్నేళ్ల తర్వాత రికార్డు చదువుతుంటే ఫ్వే. ఏది వాడాలన్నది మీరు ఎక్కడ నిలబడి చెబుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఎస్తువో అంత తిప్పలు పెట్టదు. ఉండటానికి ఇంతకాలమని హద్దు చెబితే అదే: మారడోనా ఎస్తువో సియెతె ఆన్యోస్ ఎన్ నాపోలెస్. నేపుల్స్‌లో ఏడేళ్లున్నాడు, 1984 నుంచి 1991 దాకా.

తెలుగులో 'ఉండేవాడు' అనగలిగితే ధైర్యంగా ఎరా, ఎస్తాబా వైపు వెళ్లండి. కానీ తిరగేసి నమ్మకండి. 'నిన్న ఆరింటికి ఎక్కడున్నావు?' అనడానికి మనం 'ఉండేవాడివి' అనం, స్పానిష్‌లో మాత్రం దోందె ఎస్తాబాస్ అనే అడుగుతారు.

ఈ నాలుగూ పనికిరాని చోట్లూ ఉన్నాయి. వయసుకి తెనీయా: మారడోనా తెనీయా వెయింతిసింకో ఆన్యోస్, అప్పటికి అతనికి 25 ఏళ్లు. చలిగా ఉండేదంటే అసీయా ఫ్రీయో. ఇంకో చిక్కు, 'వెళ్లాడు'కీ ఫ్వే అనే అంటారు. ఫ్వే అ నాపోలెస్ అన్నప్పుడు పక్కన ఆ చిన్న 'అ' వినబడితే వెళ్లాడనే అర్థం.

ఇవి రాసి చూడండి, జవాబులు పదో పాఠంలో:

1. మీటింగ్ బ్యాంకులో జరిగింది.
2. తాతయ్య రెండు వారాలు హాస్పిటల్లో ఉన్నారు.
3. నేను ఫోన్ చేసినప్పుడు ఆమె వంటింట్లో ఉంది.
4. మా చిన్నప్పటి టీచర్ చాలా మంచావిడ. (దీనికి రెండు జవాబులున్నాయి, రెండూ రాయండి.)