టీచర్ ఎదురుగా లేని పాఠం నేర్చుకోవడం ఎలా

నేను లెక్కల టీచర్‌ని. పొద్దున బోర్డు ముందు నిలబడతాను, సాయంత్రం అవే పాఠాలు కంప్యూటర్ ముందు కూర్చుని రికార్డు చేస్తాను. అందుకని క్లాసు మేలా, ఆన్‌లైన్ మేలా అని ఎవరడిగినా ఏ పక్షానికీ కొమ్ము కాయలేను. పాఠం రెండు చోట్లా అదే. కాకపోతే క్లాసులో మిమ్మల్ని మధ్యలో ఆపే మనిషి ఉంటారు, స్క్రీన్ ముందు ఉండరు. ఆ ఆపే పని మీరే చేసుకోవాలి.

ఆపడమంటే ఏమిటో ముందు చూడండి. 20 − 3(5 − 2) అని బోర్డు మీద రాసి, బ్రాకెట్ విప్పి చేయమంటాను. బెంచీల మధ్య నడుస్తుంటే ఒక నోట్‌బుక్కులో 20 − 15 − 6 అని కనబడుతుంది. మూడుతో గుణించడం బాగానే గుణించారు. కానీ బయటి మైనస్ వల్ల లోపలి మైనస్ ప్లస్ అవుతుందన్న సంగతి మరిచారు. నేనేమీ మాట్లాడను, ఆ 6 ముందున్న గుర్తు మీద వేలు పెడతాను. పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత ఆ మైనస్ మీదే నిలువుగా ఒక గీత పడి ప్లస్ అవుతుంది, 11 వస్తుంది. అదే ఆన్‌లైన్ క్విజ్ అయితే −1 నొక్కుతారు, ఎర్ర గుర్తు వస్తుంది, ఇంకో ఆప్షన్ నొక్కుతారు. ఎక్కడ దారి తప్పారో చాలా క్విజ్‌లు చెప్పవు, మీరూ వెనక్కి వెళ్లి చూడరు.

కాబట్టి కోర్సు ఎంచుకునేటప్పుడు వీడియోల కంటే ముందు అభ్యాసాలు తెరవండి. జవాబుతో పాటు చేసిన విధానం కూడా వరస వారీగా ఇచ్చారా? ఇస్తే చేరండి. ఉత్త వీడియోలే ఉంటే అది ఉపన్యాసం, హాయిగా వినొచ్చు, కానీ చేయడం రాదు. చేరడం చాలా తేలిక, అదే చిక్కు. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ మీద ఉచితంగా ఆన్‌లైన్ కోర్సు పెడితే 1,60,000 మంది దాకా పేర్లు నమోదు చేసుకున్నారు. పూర్తి చేసినవాళ్లు 20 వేల పైచిలుకు. ఒకేసారి నాలుగు కోర్సుల్లో చేరేవాళ్లని చూస్తుంటాను, ఒక్కటి చాలు.

టైము, చోటు, ఫోను గురించి అందరూ చెప్పేదే: రోజూ ఒకే వేళ, మంచం మీద కాదు, ఫోను పక్క గదిలో. అంతే.

అసలు పని వీడియో నడుస్తున్నప్పుడు ఉంటుంది. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు టీచర్లు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కొలిచి, 1970లలో ఆ ఫలితాలు ప్రచురించారు. మామూలుగా ఒక్క సెకనే ఆగుతున్నారట. 3 సెకన్లు ఆగినచోట పిల్లల జవాబులు పొడుగయ్యాయి, అసలు జవాబే రాని సందర్భాలు తగ్గాయి. రికార్డు చేసిన పాఠంలో ఆ ఒక్క సెకనూ మిగలదు. మౌనంగా ఉన్న చోటల్లా ఎడిటింగ్‌లో కత్తిరించేస్తాం, నేనూ అదే చేస్తాను, లేకపోతే జనం చూడరు. అందుకని టీచర్ ప్రశ్న అడగ్గానే, లేదా లెక్క బోర్డు మీద పడగానే ఆపేయండి. కంప్యూటర్‌లో యూట్యూబ్ అయితే 'కె' నొక్కితే ఆగుతుంది, 'జె' నొక్కితే 10 సెకన్లు వెనక్కి పోతుంది. కాగితం మీద మీ జవాబు రాశాకే మళ్లీ నడపండి. తప్పు రాసినా పరవాలేదు, ఖాళీ కాగితంతో మాత్రం ముందుకెళ్లొద్దు.

ఇలా చేస్తే 10 నిమిషాల వీడియోకి అరగంట పడుతుంది. పట్టనీయండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటు వీడియోల మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, వీడియో ఎంత పొడుగున్నా ఒక విడతలో చూసే సమయం మధ్యస్థంగా 6 నిమిషాలు దాటలేదని తేలింది. గంట పాఠాన్ని ఒక్క గుక్కలో చూడలేకపోతున్నామని దిగులు పడొద్దు, ముక్కలు చేసుకోండి. రెట్టింపు వేగంతో చూడటం సంగతంటారా, తెలిసిన పాఠం తిరగేసేటప్పుడైతే సరే. కొత్త పాఠాన్ని అలా చూసి వచ్చి డౌట్లు అడిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వీడియో అయ్యాక ల్యాప్‌టాప్ మూసేయండి. ఇప్పుడు గుర్తున్నదంతా రాయండి, నోట్సు చూడకుండా. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఇది పరీక్షించి చూపించారు. ఒక భాగాన్ని మళ్లీ చదివినవాళ్లకి 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చూడకుండా రాసి చూసుకున్నవాళ్లదే పైచేయి. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పే వీడియోలతో గొడవ ఇదే: చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది.

డౌట్ అడగడానికీ ఒక పద్ధతి ఉంది. "ఈ చాప్టర్ అర్థం కాలేదు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. మీరు చేసిన కాగితం ఫొటో పెట్టి, ఏ వరస దాకా నమ్మకంగా ఉన్నారో, ఎక్కడ అనుమానం వచ్చిందో రాయండి. చాట్‌బాట్‌ని అడిగినా అంతే. జవాబు చెప్పమనకండి, "ఇందులో తప్పున్న మొదటి వరస ఏది, సరిచేయకుండా చూపించు" అనండి. అది చెప్పినదాన్ని మీరు ఓసారి లెక్క వేసి సరిచూసుకోండి, తప్పు కూడా అంతే ధీమాగా చెబుతుంది.

క్లాసుకి వెళ్లేవాళ్లు వీడియోని ఇంకోలా వాడుకోవచ్చు. రేపు చెప్పబోయే పాఠం వీడియో ఈ రాత్రే చూసి, అర్థంకాని చోటు ఒక్కటి గుర్తు పెట్టుకుని వెళ్లండి. నలభైమంది ముందు "మళ్లీ చెప్పండి" అనడానికి మొహమాటపడేవాళ్లకి వీడియో నిజంగా వరం. దాన్ని పదిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోదు.

అయినా కొన్నిటికి మనిషి కావాల్సిందే. ఒకే రకం తప్పు మూడోసారి వచ్చిందంటే ఇంకో వీడియో వెతక్కండి, టీచర్‌నో సీనియర్‌నో వెతకండి. వాళ్ల ఎదురుగానే ఒక లెక్క చేయండి. పాత కాగితాలు కూడా కొట్టివేతలతో సహా అలాగే తీసుకెళ్లండి. నీట్‌గా తిరగరాసి తెస్తే మాకు చూడ్డానికేమీ మిగలదు.