అక్వేరియం అద్దానికి రంధ్రం వేసి ఓవర్‌ఫ్లో అమర్చే విధానం

అక్వేరియం కింద సంప్ (పైతొట్టి నుంచి దిగిన నీటిని పట్టి, పంపుతో తిరిగి పైకి పంపే రెండో తొట్టి) పెట్టదలచినవారు నీటిని సైఫన్‌తో, అంటే తొట్టి అంచు మీదుగా లాగే గొట్టంతో, దింపడం కంటే వెనక అద్దానికి రంధ్రం వేసి ఓవర్‌ఫ్లో (మట్టం మించిన నీరు దానంతటదే కిందికి దిగే గొట్టం) అమర్చుకోవడమే మేలు. కరెంటు పోయి వచ్చినప్పుడు సైఫన్‌లో గాలి చేరి ఉంటే నీరు కిందికి దిగదు, పంపు మాత్రం ఎత్తిపోస్తూనే ఉంటుంది కాబట్టి ఆ నీరంతా తొట్టి అంచు దాటి గదిలోకి వస్తుంది.

ముందుగా అద్దం రకాన్ని తేల్చుకోవాలి. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) అద్దానికి డ్రిల్ పెడితే పలకంతా ఒక్కసారిగా ముక్కలవుతుంది, దానికి మరో ఉపాయం లేదు. విజయవాడలో అద్దాల దుకాణంలో కొలతలిచ్చి చేయించుకున్న తొట్టి అయితే చేసినవారినే అడగవచ్చు. రెడీమేడ్ తొట్లలో అడుగు అద్దం టఫెన్డ్ కావచ్చు. తెల్లని తెరతో వెలుగుతున్న ల్యాప్‌టాప్‌ను అద్దం వెనక ఉంచి, పోలరైజ్డ్ కళ్లద్దాలను అటూ ఇటూ తిప్పుతూ చూసినప్పుడు నల్లని మచ్చలో చారలో కనిపిస్తే ఆ అద్దం జోలికి వెళ్లకూడదు.

ట్యాంక్ నిపుల్‌ను (రంధ్రంలో బిగించి గొట్టం తగిలించే మరల ముక్కను) ముందు కొని, దాని మరల (థ్రెడ్ల) బయటి వ్యాసాన్ని కొలిచి, అంతకంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దదైన డైమండ్ హోల్‌సా (గుండ్రని రంధ్రం కోసే డ్రిల్ బిట్టు) తీసుకోవాలి. రంధ్రం అంచుకూ అద్దం అంచుకూ మధ్య కనీసం రంధ్రం వ్యాసమంత దూరం ఉండాలి. మొదటి గొట్టం మూసుకుపోయినా నీరు దిగేందుకు రెండో రంధ్రం కూడా వేయించడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఖాళీ తొట్టిని మందపాటి దుప్పటిపై వెనక అద్దం పైకి వచ్చేలా పడుకోబెట్టాలి. తెగిన బిళ్ల జారి ముందు అద్దంపై పడకుండా లోపలి వైపు టేపు అంటించాలి. బిట్టు జారకుండా రంధ్రం ఉన్న ప్లైవుడ్ ముక్కను బిగించి, చుట్టూ పిల్లలు ఆడుకునే క్లేతో కట్ట కట్టి నీరు నింపాలి. నీళ్ల దగ్గర పని కాబట్టి బ్యాటరీ డ్రిల్లే వాడాలి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. తక్కువ వేగంతో, డ్రిల్ బరువే ఒత్తిడిగా, తొందరపడకుండా సాగాలి; నీరు తెల్లని బురదగా మారినప్పుడల్లా మార్చాలి. చివరి మిల్లీమీటరులో చేతి ఒత్తిడిని ఇంకా తగ్గించకపోతే లోపలి అంచు పెచ్చులూడుతుంది.

రంధ్రం అంచును తడి ఎమెరీ కాగితంతో నునుపు చేసి, రబ్బరు వాషరు నిపుల్ తల వైపు ఉండేలా చూసి చేత్తోనే బిగించాలి. లోపల ఎల్బోను (మోచేయి ఆకారపు వంపు గొట్టం ముక్కను) పైకి తిప్పి పెడితే దాని నోటి ఎత్తే తొట్టిలో నీటి మట్టాన్ని నిర్ణయిస్తుంది. ఆరుబయట నీరు నింపి 24 గంటలు ఉంచి, కారడం లేదని రూఢి చేసుకున్నాకే ఇంట్లో పెట్టాలి.

పంపు ఆగినప్పుడు ఎల్బో నోటికి పైనున్న నీరంతా సంప్‌లోకి దిగుతుంది. 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు ఉన్న తొట్టిలో 2 సెం.మీ. మట్టం దిగితే దాదాపు 11 లీటర్లు వస్తాయి. పైకి నీరు పంపే గొట్టం మూతి లోతుగా మునిగి ఉంటే ఇంకా ఎక్కువే వెనక్కి లాగుతుంది. అందువల్ల పంపును ఆపి, దిగిన నీరంతా సంప్‌లో ఇమిడిందని చూసి, మళ్లీ నడిపించి, అప్పుడు సంప్‌లో నిలిచిన మట్టం దగ్గర మార్కరుతో గీత పెట్టాలి. బెజవాడ ఎండలకు ఆవిరైన నీటిని భర్తీ చేసేటప్పుడు ఆ గీత దాటి పోయకూడదు.