ఇంటి కరెంటు చెకింగ్: టెస్టర్ కన్నా ముందు చెయ్యి, ముక్కు, చెవి

ఇంట్లో వైరింగ్ గురించి మనం ఆలోచించేది రెండే సందర్భాల్లో, ఇల్లు కట్టేటప్పుడు, ఏదైనా కాలిపోయినప్పుడు. మధ్యలో ఎన్నేళ్లు గడిచినా "ఎంసీబీలు (కరెంటుని వాటంతటవే ఆపేసే స్విచ్చులు) ఉన్నాయి కదా, ఏదైనా తేడా వస్తే అవే పడిపోతాయి" అన్న ధీమా. అందులో సగమే నిజం. ఆ లైను మోయాల్సిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగితే ఎంసీబీ పడుతుంది, షార్ట్ సర్క్యూట్ అయితే పడుతుంది. సాకెట్ వెనక స్క్రూ వదులై ప్లాస్టిక్ నెమ్మదిగా మాడుతుంటే మాత్రం దానికి తెలీదు, ఎందుకంటే లైన్లో పారే కరెంటు మామూలుగానే ఉంటుంది.

లెక్క వేసి చూడండి. వదులైన కనెక్షన్ దగ్గర అర ఓమ్ రెసిస్టెన్స్ ఏర్పడి, అందులోంచి 10 ఆంపియర్లు పోతున్నాయనుకుందాం. కరెంటు వర్గాన్ని రెసిస్టెన్స్‌తో గుణిస్తే 50 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది ఉంటుంది, అలాంటివి రెండు గోడలో పెట్టి ఆన్ చేసినట్టు. 16 ఆంపియర్ల ఎంసీబీకి 10 ఆంపియర్లు ఒక లెక్కే కాదు, అది హాయిగా ఆన్‌లోనే ఉంటుంది. అందుకే ఏ ఎంసీబీ పట్టుకోలేని వాటిని ముందు మనం పట్టుకోవాలి.

ఒక హద్దు గీసుకుని మొదలుపెడదాం. చూడటం, ముట్టుకోవడం (పొడి చేత్తో, ప్లాస్టిక్ భాగాలు మాత్రమే), వాసన, చప్పుడు, టెస్ట్ బటన్ నొక్కడం, సాకెట్లో టెస్టర్ పెట్టడం, ఇంతవరకు మన పని. స్విచ్ బోర్డు స్క్రూలు విప్పడం, ఎంసీబీ బాక్స్ మూత తీయడం, మీటరు జోలికి వెళ్లడం మన పని కాదు. యూట్యూబ్‌లో రెండు వీడియోలు చూశాం కదా అని స్క్రూడ్రైవర్ పట్టుకోకండి.

ముందు లోడ్ పెట్టి చూడండి

అన్నీ ఆపేసి ఉన్న ఇంట్లో చెక్ చేస్తే ఏమీ తెలియదు. గీజరు, ఏసీ, ఇస్త్రీ పెట్టె, వాషింగ్ మెషీన్, ఇలా ఎక్కువ కరెంటు తినేవాటిని ఒక్కొక్కటిగా అరగంట నడవనివ్వండి. తర్వాత వేళ్ల వెనక భాగంతో ప్లగ్ ప్లాస్టిక్‌నీ, సాకెట్ చుట్టూ ఉన్న ప్లేటునీ, పక్కనున్న స్విచ్‌నీ తాకి చూడండి. పెద్ద లోడ్ మీద కాస్త గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి అయితే ఆ పాయింటు వాడకం అప్పటికప్పుడు ఆపేయాలి. స్విచ్ ఆపి ప్లగ్ బయటికి లాగి, పిన్నుల్ని ముట్టుకోకుండా వాటి రంగు చూడండి. ఒక పిన్ను నల్లబడి లేదా నీలంగా మారి ఉంటే, దాని మొదట్లో ప్లాస్టిక్ కాస్త కరిగి వంగి ఉంటే, సాకెట్ లోపల ఆ పిన్నుని పట్టుకునే ఇత్తడి రేకు పట్టు వదిలేసిందని అర్థం. చాలామంది ఇక్కడ కొత్త ప్లగ్ వేసి ఊరుకుంటారు. సాకెట్ పాతదే ఉంటే కొత్త ప్లగ్ కూడా కొన్నాళ్లకి అలాగే మాడుతుంది, రెండూ మార్చాల్సిందే. ప్లగ్ తన బరువుకే జారి కిందికి వేలాడుతున్న సాకెట్ అయితే పరీక్ష కూడా అక్కర్లేదు, మార్చేయండి.

వాసన సంగతి. ప్లాస్టిక్ కాలిన వాసన అందరికీ తెలుసు, కానీ వేడెక్కిన స్విచ్చులు, హోల్డర్లు కొన్ని చేపల వాసన లాంటిది వదులుతాయి. కారణం తెలియకుండా గదిలో అలాంటి వాసన వస్తూ పోతూ ఉంటే, ఫలానా లైటో హీటరో వేసినప్పుడే వస్తోందేమో గమనించండి. చెవికి వచ్చేవి కూడా ఉన్నాయి: స్విచ్ వేసినప్పుడు టక్ అని ఒక్క చప్పుడు మామూలే, ఆ తర్వాత చిటపటలాడుతూ ఉంటే లోపల స్పార్క్ వస్తున్నట్టు. ఎంసీబీ బాక్స్ దగ్గర నిలబడి వినండి, గుయ్‌మనే శబ్దం కొత్తగా మొదలైతే ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి.

ఇక లైట్లు. మోటారు ఆన్ అయిన క్షణంలో ఒక్కసారి డిమ్ అయి మళ్లీ మామూలైతే టెన్షన్ అక్కర్లేదు. ఒక్క గదిలోనే లైటు మినుకుమినుకుమంటుంటే బల్బో, హోల్డరో, ఆ లైన్లో ఒక జాయింటో కారణం. కానీ ఇంట్లో ఒకవైపు లైట్లు మామూలుకన్నా ఎక్కువ వెలుగుతూ, ఇంకోవైపు డిమ్ అవుతుంటే అది న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఊడిపోతున్న లక్షణం. ఇది మూడు ఫేజుల కనెక్షన్ ఉన్నచోట వస్తుంది, కొన్ని పాయింట్లకు 230 వోల్టులకు బదులు చాలా ఎక్కువ వెళ్లి టీవీలు, ఫ్రిజ్‌లు వరసగా పోతాయి. అప్పుడు ఆలోచిస్తూ కూర్చోకుండా మెయిన్ ఆపేసి, కరెంటు సరఫరా చేసేవాళ్లకి ఫోన్ చేయాలి.

సాకెట్, ఎక్స్‌టెన్షన్ బోర్డు

సాకెట్ మీద ఎన్ని ఆంపియర్లో ముద్రించి ఉంటుంది. 230 వోల్టుల సరఫరాలో 6 ఆంపియర్లంటే 1380 వాట్లు, 16 ఆంపియర్లంటే 3680 వాట్లు. ఇప్పుడు 2000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, దాన్ని అడాప్టరు తగిలించి 6 ఆంపియర్ల సాకెట్‌కి పెట్టేస్తే పని నడుస్తుంది, ప్రమాదమంతా ఆ నడవడంలోనే ఉంది. అడాప్టరు అమ్ముతున్నారు కాబట్టి వాడొచ్చనుకోకండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికి ఒక త్రీ వే ప్లగ్, ఇలా గొలుసు కట్టారా? తీసేయండి. ఎన్ని సాకెట్లున్నా అన్నిటి భారం మోసేది మొదటి బోర్డు వైరే. చుట్ట చుట్టిన వైరుని అలాగే వదిలి పెద్ద లోడ్ పెట్టకూడదు, చుట్ట మధ్యలో వేడి బయటికి పోక ఇన్సులేషన్ మెత్తబడుతుంది. తివాచీ కింద, తలుపు సందులో, మంచం కాలి కింద నలిగే వైర్లూ అంతే. వైరు మొత్తం పొడవునా ఒకసారి చూపు పోనివ్వండి, ఎక్కడైనా టేపు చుట్టి ఉంటే అక్కడ తాత్కాలిక రిపేరు ఒకటి పర్మనెంట్ అయిపోయిందన్నమాట.

షాక్ నుంచి కాపాడేది వేరే ఉంది

ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడటానికి, మనిషిని కాదు. మనిషికి 30 మిల్లీ ఆంపియర్లు దాటితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది, అంతకన్నా చాలా ముందే, 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే, కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదల్లేని పరిస్థితి రావచ్చు. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇవి కంటికి కూడా ఆనవు. ఈ పని చేసేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో (కరెంటు తెచ్చే వైరులో) వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగొచ్చిందా లేదా అని అది చూస్తుంటుంది, తేడా వస్తే ఆపేస్తుంది. మనుషుల రక్షణకి పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. మీ ఎంసీబీ బాక్స్‌లో 'టి' అక్షరమో 'టెస్ట్' అనో రాసిన చిన్న బటన్ ఉన్న పరికరం ఉందేమో చూడండి. లేకపోతే ఈ వ్యాసంలో మీరు చేయాల్సిన మొదటి ఖర్చు అదే.

ఉంటే ఆ బటన్ నొక్కండి. కంప్యూటర్లు ముందే ఆపుకోండి, ఎందుకంటే కరెంటు ఠక్కున పోవాలి. పోలేదంటే అది బొమ్మలాగా కూర్చుని ఉంది, మార్చాలి. మూడు నెలలకోసారి నొక్కుతుంటే లోపలి మెకానిజం బిగుసుకుపోకుండా కూడా ఉంటుంది. ఇంకో మాట, బటన్ నొక్కితే పడిందంటే ఆర్‌సీసీబీ బాగున్నట్టే కానీ ఎర్త్ (లీకైన కరెంటుని నేలలోకి పంపే వైరు) బాగున్నట్టు కాదు. ఆ బటన్‌కి ఎర్త్‌తో సంబంధం లేదు, ఎర్త్ వైరు లేని ఇంట్లో కూడా అది పడుతుంది. పైగా ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్న మనిషిని ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు.

ఎర్త్ లేదని ముందుగా చెప్పేది వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, మెటల్ బాడీ ఉన్న కంప్యూటరు. తాకితే జిల్లుమంటుంది, అందరం "కొంచెం షాక్ కొడుతుంది, చెప్పులేసుకుని ముట్టుకో" అని అలవాటు పడిపోతాం. చాలా పరికరాల్లో నాయిజ్ ఫిల్టరు కోసం ఫేజుకీ బాడీకీ, న్యూట్రల్‌కీ బాడీకీ మధ్య చిన్న కెపాసిటర్లు పెడతారు. ఎర్త్ తెగిపోతే ఆ బాడీ మీద సరఫరాలో సగం వోల్టేజీ తేలుతుంది, కరెంటు మాత్రం చాలా తక్కువ కాబట్టి జిల్లుమని వదిలేస్తుంది. అసలు భయం ఆ జిల్లు కాదు. రేపు లోపల నిజంగా ఫేజ్ వైరు తెగి బాడీకి తగిలినప్పుడు అడ్డుకోవాల్సిన ఎర్త్ అక్కడ లేదన్నది ఇవాళే తెలిసింది. పైగా మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్లో పెట్టేవాళ్లున్నారు, నీళ్ల పైపుకి ఎర్త్ వైరు చుట్టేవాళ్లున్నారు. పైపు మధ్యలో ఒక్క ప్లాస్టిక్ ముక్క వచ్చిందంటే ఆ ఎర్త్ ఉత్తిదే, అంతకంటే ఘోరం, ఆ ఇంటి కుళాయిలన్నీ ప్రమాదమే. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి పరీక్షించే పాత పద్ధతి ఇంట్లో ప్రయత్నించకండి, ఎర్త్ తెగి ఉంటే ఆ బల్బు ద్వారా మిగతా పరికరాల బాడీలకి కరెంటు ఎక్కుతుంది.

టెస్టర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు

నియాన్ టెస్టర్ వెలిగితే కరెంటు ఉంది. వెలగకపోతే కరెంటు లేదని కాదు, టెస్టరే పోయి ఉండొచ్చు. అందుకే కరెంటు ఉందని తెలిసిన చోట ముందు పెట్టి చూడాలి, తర్వాత అసలు చోట, మళ్లీ తెలిసిన చోట. సాకెట్‌లో ఒక్క రంధ్రంలోనే వెలగాలి. రెండింట్లోనూ వెలిగితే న్యూట్రల్ తెగి ఉండొచ్చు, ఎర్త్ రంధ్రంలో వెలిగితే ఆ సాకెట్ జోలికి పోకండి, మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

స్విచ్ ఆపాక కూడా ఎల్‌ఈడీ బల్బు సన్నగా మిణుకుమంటుంటే, స్విచ్‌ని ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో వేసి ఉండే అవకాశం ఉంది (వెలిగే ఇండికేటర్ ఉన్న స్విచ్చుల వల్ల కూడా ఇలా జరుగుతుంది). న్యూట్రల్‌లో ఉంటే స్విచ్ ఆపి బల్బు మార్చేటప్పుడు కూడా హోల్డర్లో కరెంటు ఉన్నట్టే.

వైర్ల రంగుని అసలు నమ్మకండి. ఎరుపు, పసుపు, నీలం ఫేజులుగా, నలుపు న్యూట్రల్‌గా వాడిన ఇళ్లున్నాయి. నీలం న్యూట్రల్‌గా, గోధుమరంగు ఫేజుగా వాడే పద్ధతీ ఉంది. అంటే ఒక చోట నీలం ముట్టుకుంటే చంపేది, ఇంకో చోట కాదు. ఇక ఇన్వర్టరు గానీ సోలార్ గానీ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినంత మాత్రాన ఇల్లంతా ఆగిపోదు, ఇన్వర్టరు లైన్లలో కరెంటు అలాగే ఉంటుంది. బల్బు హోల్డర్ ముట్టుకునే ముందు దాన్ని కూడా ఆపాలి.

నీళ్ల దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు: తడి చర్మం కరెంటుని సులువుగా రానిస్తుంది, కాబట్టి స్నానాల గదిలో సాకెట్ ఉంటే షవరుకి, కుళాయికి చేతికందే దూరంలో ఉండకూడదు, నీళ్లలో పెట్టే హీటర్ రాడ్‌ని స్విచ్ ఆపి ప్లగ్ తీసేశాకే నీళ్లలో వేలు పెట్టాలి. వర్షం పడ్డాక గోడ మీద చెమ్మ స్విచ్ బోర్డు దాకా పాకిందేమో చూడండి.

మీటరుని ముట్టుకోకుండా, చూసి చేసే చిన్న పరీక్ష ఒకటుంది. ఎంసీబీలు ఆన్‌లోనే ఉంచి, పరికరాలన్నీ స్విచ్ ఆపి, ప్లగ్‌లు తీసేయండి, ఇన్వర్టరు కూడా. ఇప్పుడు మీటరు మీద మినుకుమనే ఎర్రలైటు చూడండి. మీటరు మీద యూనిట్‌కి 3200 సార్లు అని ఉంటే, నిమిషానికి ఒక్కసారి మెరిసినా దాదాపు 19 వాట్లు ఎక్కడికో పోతున్నట్టు. మర్చిపోయిన డోర్‌బెల్ ట్రాన్స్‌ఫార్మరో, రౌటరో కావచ్చు. అవేవీ కాకపోతే ఒక్కో ఎంసీబీ ఆపుతూ పోండి, ఏది ఆపితే మెరుపు ఆగిందో ఆ లైన్లోనే చూడాలి. గోడలో లీకేజీ ఉన్నా ఇలాగే దొరుకుతుంది.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు

"అంతా ఒకసారి చూడు బాబూ" అంటే అటూ ఇటూ చూసి "బాగానే ఉంది సార్" అని వెళ్లిపోతాడు. ఏం కావాలో చెప్పి అడగండి. ఎంసీబీ బాక్స్‌లో, న్యూట్రల్ బార్‌లో స్క్రూలన్నీ బిగించమనండి. ఏ ఎంసీబీ కింద ఏ సైజు వైరు ఉందో చూపించమనండి: 1.5 చదరపు మిల్లీమీటర్ల లైటు వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ కనిపిస్తే, గతంలో ఎవరో "మాటిమాటికీ పడుతోంది" అని పెద్దది వేసిపోయారన్నమాట. అది పడకుండా ఆగింది, వైరు మాత్రం అదే. ఫ్యూజులో లావు తీగ చుట్టడం కూడా ఇదే పని. అల్యూమినియం వైరుకి రాగి వైరు నేరుగా మెలిపెట్టిన జాయింట్లుంటే సరైన కనెక్టర్లు వేయించండి, ఆ రెండూ కలిసినచోట తుప్పు పట్టి వదులవుతుంది.

పాత ఇల్లయితే మెగ్గర్ టెస్ట్ అడగండి. 500 వోల్టుల డీసీతో వైర్ల ఇన్సులేషన్ కొలుస్తారు, ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే ఆ లైను పాడైనట్టే. అంతకుముందు ఎల్‌ఈడీలు, ఎలక్ట్రానిక్ వస్తువులు విప్పించాలి, లేకపోతే టెస్ట్‌లో అవే పోతాయి. మెగ్గర్ అన్న మాటకే "అదెందుకు సార్" అనేవాడైతే ఇంకొకర్ని చూసుకోండి.

అతను వెళ్లేలోపు ఒక మార్కర్ ఇచ్చి ప్రతి ఎంసీబీ పక్కన అది ఏ గదిదో రాయించుకోండి, మెయిన్ ఎక్కడుందో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చూపించండి. ఎవరికైనా షాక్ కొట్టి వైరు వదల్లేకపోతుంటే వాళ్లని పట్టుకుని లాగకూడదు, ముందు మెయిన్ ఆపాలి. బోర్డులో మంట వస్తే నీళ్లు కొట్టకూడదు, మెయిన్ ఆపి, కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి రకం అగ్నిమాపక సిలిండరు వాడాలి. మెయిన్ దగ్గరికి వెళ్లే దారిలోనే మంట ఉంటే ఆ ప్రయత్నం మానుకుని, అందర్నీ తీసుకుని బయటికి వచ్చేసి ఫైర్ సర్వీస్‌కి ఫోన్ చేయండి.